బస్తర్ బాటల్లో సరదా పరుగు
రోడ్డుపై భయం పోతేనే వ్యాపకానికి వేళ్లు

2025 మార్చి 2వ తేదీన ఛత్తీస్‌గఢ్‌లోని నారాయణ్‌పూర్ పట్టణం నుంచి బాసింగ్ గ్రామం వరకు 21 కిలోమీటర్ల మేర ఒక పరుగు సాగింది. దాని పేరు 'అబూజ్‌మాడ్ శాంతి హాఫ్ మారథాన్'. ముఖ్యమంత్రి విష్ణుదేవ్ సాయ్ జెండా ఊపి ప్రారంభించిన ఈ పరుగులో పదివేల మందికి పైగా పాల్గొన్నట్లు అధికారులు ప్రకటించారు. స్థానిక గిరిజన యువతీయువకులు, ఇతర రాష్ట్రాల నుంచి వచ్చిన రన్నర్లు, ఆయుధాలు విడిచి లొంగిపోయిన మావోయిస్టులు ఒకే రోడ్డు మీద పరుగెత్తడం విశేషం.

ముంబయిలోనో, హైదరాబాద్‌లోనో ఇటువంటి పరుగు జరిగితే అది ఆదివారం నాటి ముచ్చట మాత్రమే. అబూజ్‌మాడ్ విషయం వేరు. ఆ పేరు పత్రికల్లో కనిపించినప్పుడల్లా దాని వెంట మందుపాతర, ఎదురుకాల్పులు, కూంబింగ్ అనే మాటలు రావడం మూడు దశాబ్దాలుగా పరిపాటి అయింది. అటువంటి చోట జనం సరదాకు పరుగెత్తారంటే ఆ వార్త క్రీడల పేజీకే పరిమితమయ్యేది కాదు. సరదా పరుగు అనే అలవాటు ప్రపంచంలో ఎలా పుట్టింది, ఏయే వసతులు సమకూరిన చోట నిలదొక్కుకుంది, బస్తర్‌లో ఆ వసతులు ఎంతవరకు ఉన్నాయి అన్నవి పరిశీలించదగిన ప్రశ్నలు.

నడకే బతుకుదెరువు

ఒకప్పటి అవిభక్త బస్తర్ జిల్లా విస్తీర్ణం 39 వేల చదరపు కిలోమీటర్ల పైచిలుకు. అంటే మొత్తం కేరళ రాష్ట్రం కన్నా పెద్దది. 1998లో దీనిని బస్తర్, దంతెవాడ, కాంకేర్ జిల్లాలుగా విభజించారు. 2000 నవంబర్ 1న ఛత్తీస్‌గఢ్ రాష్ట్రం ఏర్పడింది. దరిమిలా 2007లో నారాయణ్‌పూర్, బీజాపూర్, 2012లో సుక్మా, కొండగావ్ జిల్లాలు అవతరించాయి. నేడు బస్తర్ డివిజన్ అంటే ఈ ఏడు జిల్లాలే.

తెలుగువారికి ఈ ప్రాంతం పరాయిది కాదు. ఓరుగల్లు పతనానంతరం ప్రతాపరుద్రుని సోదరుడు అన్నమదేవుడు ఇంద్రావతీ తీరం చేరి రాజ్యం స్థాపించాడని బస్తర్ రాజవంశం చెప్పుకొంటుంది. కోంటా, భోపాలపట్నం ప్రాంతాల్లో నేటికీ తెలుగు వినిపిస్తుంది. ఇంద్రావతి, శబరి నదులు రెండూ చివరకు గోదావరిలోనే కలుస్తాయి. బైలదిల్లా కొండల ఇనుప ఖనిజం కిరండూల్ నుంచి కొత్తవలస రైలు మార్గం గుండా విశాఖపట్నం చేరుతుంది.

ఈ అడవుల్లో నివసించే గోండు, మురియా, మాడియా, హల్బా ప్రజలకు నడక కొత్త కాదు. వారం వారం జరిగే సంతకు కావడి మీద చింతపండు, ఇప్పపువ్వు మోసుకుంటూ కొండలు, వాగులు దాటి వెళ్లి, ఉప్పు, నూనె, గుడ్డలు కొనుక్కుని తిరిగి రావడం వారి నిత్యజీవితంలో భాగం. తునికాకు కోతకు, కట్టెలకు, నీళ్లకు, జ్వరం వస్తే వైద్యానికి కూడా కాళ్లే ఆధారం. ఆటలకు లోటు లేదు. పొడవాటి కర్రలపై నిలబడి నడిచే 'గేడీ' ఆట ఛత్తీస్‌గఢ్ అంతటా ప్రసిద్ధం. మురియా యువత గేడీలపై నృత్యం సైతం చేస్తారు.

ఇంత నడిచే జనం ప్రత్యేకించి 'వ్యాయామం' కోసం పరుగెత్తవలసిన అవసరం ఎన్నడూ రాలేదు. పొద్దస్తమానం ఒళ్లు వంచి పనిచేసినవాడు సాయంత్రం మరో పది కిలోమీటర్లు ఊరికే పరుగెత్తడు. సరదా పరుగు చరిత్ర సరిగ్గా దీనికి వ్యతిరేకమైన చోట, శరీరానికి పని తగ్గిపోయిన నగరాల్లో మొదలైంది.

ఆక్లండ్‌లో తొలి అడుగు

నేడు 'జాగింగ్' అని పిలుస్తున్న వ్యాపకానికి తొలి రూపం న్యూజిలాండ్‌లోని ఆక్లండ్ నగరంలో కనిపిస్తుంది. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో పీటర్ స్నెల్, మర్రీ హాల్‌బెర్గ్ అనే ఇద్దరు శిష్యులకు స్వర్ణ పతకాలు సాధించిపెట్టిన శిక్షకుడు ఆర్థర్ లిడియార్డ్ ఈ అలవాటుకు ఆద్యుడు. పందెం గెలిచే ఆశ లేని నడివయసు మనుషులు కూడా నెమ్మదిగా, ఆయాసపడకుండా, పక్కవారితో మాట్లాడగలిగే వేగంతో పరుగెత్తితే గుండెకు బలం చేకూరుతుందని ఆయన బోధించాడు. గుండెజబ్బు వచ్చి కోలుకున్నవారు సైతం ఆయన సలహాతో పరుగు ప్రారంభించారు. ఆ విధంగా 1960ల ఆరంభంలో అక్కడ జాగర్ల సంఘం వెలిసింది.

1962లో అమెరికాలోని ఆరెగాన్ విశ్వవిద్యాలయ శిక్షకుడు బిల్ బోవర్‌మన్ న్యూజిలాండ్ సందర్శించాడు. తనకన్నా వయసులో ఎంతో పెద్దవారు పరుగులో తనను వెనక్కి నెట్టడం చూసి ఆయన విస్తుపోయాడు. స్వదేశం తిరిగి వెళ్లి యూజీన్ పట్టణంలో సామాన్య పౌరులకు పరుగు తరగతులు ప్రారంభించాడు. ఒక హృద్రోగ నిపుణునితో కలిసి 1967లో ఆయన ప్రచురించిన పుస్తకం లక్షలాది ప్రతులు అమ్ముడుపోయింది. పరుగుకు అనువైన తేలికపాటి బూట్ల కోసం ఆయన చేసిన ప్రయోగాలు తరువాత నైకీ సంస్థ ఎదుగుదలకు పునాది అయ్యాయి.

1968లో అమెరికా వైమానిక దళ వైద్యుడు కెనెత్ కూపర్ 'ఏరోబిక్స్' అనే మాటను ఇంటింటి మాటగా చేశాడు. పన్నెండు నిమిషాల్లో ఎంత దూరం పరుగెత్తగలరన్న దానిని బట్టి మనిషి దేహదారుఢ్యాన్ని అంచనా వేసే ఆయన పద్ధతి నేటికీ వాడుకలో ఉంది. 1972 మ్యూనిక్ ఒలింపిక్స్ మారథాన్‌లో అమెరికన్ ఫ్రాంక్ షార్టర్ స్వర్ణం గెలవడంతో ఆ దేశంలో పరుగుపై మోజు మరింత పెరిగింది.

న్యూయార్క్ మారథాన్ లెక్కలే ఇందుకు నిదర్శనం. 1970లో సెంట్రల్ పార్కు లోపల చుట్లు తిరుగుతూ జరిగిన మొదటి మారథాన్‌లో బయలుదేరినవారు 127 మంది. గమ్యం చేరినవారు కేవలం 55 మంది. 1976లో దానిని నగర వీధుల్లోకి తెచ్చారు. నేడు ఆ పరుగు పూర్తి చేసేవారి సంఖ్య యాభై వేలు దాటుతోంది. 1981లో లండన్ మారథాన్ మొదలైంది. ఆ తొలి పరుగులో ముందున్న ఇద్దరు చేతులు పట్టుకుని కలిసే గమ్యరేఖ దాటారు.

ఈ ప్రస్థానంలో అడ్డంకులు లేకపోలేదు. 1967 బోస్టన్ మారథాన్‌లో మహిళ అని తెలియకుండా పేరు నమోదు చేసుకుని పరుగెత్తిన కేథరిన్ స్విట్జర్‌ను ఒక నిర్వాహకుడు దారి మధ్యలో బయటకు లాగబోయాడు. ఆమె పరుగు ఆపలేదు. 1972లో గాని బోస్టన్‌లో మహిళలకు అధికారికంగా ప్రవేశం లభించలేదు. ఒలింపిక్స్‌లో మహిళల మారథాన్ 1984లో మాత్రమే చోటు చేసుకుంది. పరుగును కొన్ని లక్షలమందికి నేర్పిన రచయిత జిమ్ ఫిక్స్ అదే 1984లో 52వ ఏట పరుగెత్తుతూనే గుండెపోటుతో మరణించడం సంచలనం కలిగించింది. ఆయన తండ్రి కూడా 43వ ఏట గుండెజబ్బుతోనే మరణించాడు. పరుగు మేలు చేస్తుంది గాని వంశపారంపర్యంగా వచ్చే జబ్బును మాయం చేయదన్న పాఠం ఆ సంఘటన నేర్పింది.

మన నగరాల్లో

భారతదేశంలో దూరపు పరుగు చాలాకాలం సైనికుల విద్యగానే ఉంది. బీహార్‌కు చెందిన సైనికుడు శివనాథ్ సింగ్ 1976 మాంట్రియల్ ఒలింపిక్స్ మారథాన్‌లో వట్టి కాళ్లతో పరుగెత్తి 11వ స్థానం సాధించాడు. 1978లో జలంధర్‌లో ఆయన నెలకొల్పిన 2 గంటల 12 నిమిషాల జాతీయ రికార్డు నాలుగు దశాబ్దాలకు పైగా చెక్కుచెదరకుండా నిలిచింది. కాని ఆయనను చూసి గుమాస్తాలు, ఉపాధ్యాయులు, గృహిణులు రోడ్డెక్కలేదు.

ఆ మార్పు 2004లో ముంబయి మారథాన్‌తో వచ్చింది. తరువాతి సంవత్సరం ఢిల్లీలో హాఫ్ మారథాన్, 2008లో బెంగళూరులో పది కిలోమీటర్ల పరుగు మొదలయ్యాయి. హైదరాబాద్‌లో 2007లో రన్నర్ల సంఘం ఏర్పడింది. ఏటా ఆగస్టులో జరిగే హైదరాబాద్ మారథాన్‌కు వేలాది మంది హాజరవుతున్నారు. నెక్లెస్ రోడ్డు, కేబీఆర్ పార్కు పరిసరాలు, విశాఖ సాగరతీరం తెల్లవారుజామున పరుగెత్తేవారితో నిండిపోవడం ఇప్పుడు మామూలు దృశ్యం.

ఇందుకు కారణాలు ప్రధానంగా ఆర్థికమైనవి. 1991 నాటి ఆర్థిక సంస్కరణల తరువాత కూర్చుని చేసే ఉద్యోగాలు, వాటితోపాటు జీతాలు, వాటి వెంటే మధుమేహం, రక్తపోటు పెరిగాయి. జీతం బూట్లు కొనిపించింది. జబ్బు భయం ఆ బూట్లు తొడిగించింది. బ్యాంకులు, టెలికాం కంపెనీలు, సాఫ్ట్‌వేర్ సంస్థలు పరుగులకు తమ పేర్లు పెట్టి ఖర్చు భరించాయి. ప్రవేశ రుసుము, చొక్కా, పతకం, సమయం నమోదు చేసే చిప్, హోటల్ గది, రైలు టికెట్టు కలిసి పరుగు చుట్టూ ఒక చిన్నపాటి పరిశ్రమే అల్లుకుంది. పరుగు పేరిట స్వచ్ఛంద సంస్థలకు విరాళాలు సేకరించే ఆనవాయితీ కూడా స్థిరపడింది.

ఇలా చూస్తే సరదా పరుగుకు మూడు వసతులు అవసరమని స్పష్టమవుతుంది. ఒకటి, పని పోగా మిగిలిన తీరిక, ఓపిక. రెండు, ఆ శ్రమను తట్టుకునే తిండి, ఆరోగ్యం. మూడు, భయం లేని రోడ్డు. ఆక్లండ్‌లో, యూజీన్‌లో, హైదరాబాద్‌లో మూడో దాని గురించి ఎవరూ పెద్దగా ఆలోచించలేదు. నగరాల్లో మహిళలు మాత్రం చీకటితో పరుగుకు వెళ్లేముందు నేటికీ ఆలోచిస్తారు. బస్తర్‌లో ఆ ఆలోచన ఊరు మొత్తానిది.

రోడ్డే రణరంగమైన చోట

అబూజ్‌మాడ్ సుమారు నాలుగు వేల చదరపు కిలోమీటర్ల కొండల సముదాయం. దశాబ్దాల తరబడి అక్కడ రెవెన్యూ సర్వే జరగలేదు. ఎవరి భూమి ఎంతో తెలిపే పట్టాలు లేవు. గిరిజన సంస్కృతి పరిరక్షణ పేరుతో 1980ల నుంచి బయటివారి రాకపోకలపై అమలు చేసిన ఆంక్షలను 2009లో తొలగించారు. అప్పటికే ఆ కొండలు మావోయిస్టులకు ప్రధాన స్థావరంగా మారాయి. వారి అగ్రనాయకుల్లో పలువురు తెలుగువారు కావడంతో అక్కడి వార్త మన ఊళ్లలో ఎప్పుడూ దగ్గరి వార్తగానే ఉంది.

2005లో సల్వాజుడుం ఆరంభమైన తరువాత ఊళ్లకు ఊళ్లే ఖాళీ అయ్యాయి. వేలాది గిరిజన కుటుంబాలు సరిహద్దు దాటి నాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని ఖమ్మం, వరంగల్ జిల్లాల అడవుల్లో తలదాచుకున్నాయి. గిరిజన యువకులకు ఆయుధాలిచ్చి ప్రత్యేక పోలీసు అధికారులుగా వినియోగించడం రాజ్యాంగ విరుద్ధమని సుప్రీంకోర్టు 2011 జులైలో తీర్పు చెప్పింది. అంతకుముందు 2010 ఏప్రిల్ 6న తాడిమెట్ల వద్ద 76 మంది భద్రతా సిబ్బంది హతులయ్యారు. 2013 మే 25న జీరంఘాటీలో కాంగ్రెస్ నాయకుల వాహనశ్రేణిపై దాడి జరిగింది.

ఈ సంఘర్షణలో రోడ్డుకు ప్రత్యేక స్థానం ఉంది. తారురోడ్డు పడితే బలగాలు వస్తాయని మావోయిస్టులు రోడ్లను తవ్వారు, యంత్రాలను తగులబెట్టారు, మందుపాతరలు అమర్చారు. రోడ్డు లేనిదే రేషను, అంబులెన్సు, బడి రావని ప్రభుత్వం వాదించింది. రోడ్డు వెంట గనుల కంపెనీలు వస్తాయన్న అనుమానం గ్రామస్థులది. ఇనుప ఖనిజం నిండిన కొండల నడుమ నివసించేవారికి ఆ అనుమానం నిరాధారమైనదని తోసిపుచ్చలేము. 2016లో వామపక్ష తీవ్రవాద ప్రభావిత ప్రాంతాల రోడ్ల కోసం కేంద్రం 44 జిల్లాలకు ప్రత్యేక పథకాన్ని ఆమోదించింది. దాని అంచనా వ్యయం 11 వేల కోట్ల రూపాయల పైచిలుకు. చాలాచోట్ల రోడ్డు పని జరుగుతున్నంతసేపూ సాయుధ పోలీసులు కాపలా కాయవలసి వచ్చింది.

నారాయణ్‌పూర్ నుంచి బాసింగ్ వరకు జరిగిన పరుగును ఈ నేపథ్యంలో చూడాలి. పరుగుకు కొన్నేళ్ల ముందు నుంచే పోలీసులు, జిల్లా యంత్రాంగం చొరవతో ఇటువంటి శాంతి పరుగులు సాగుతున్నాయి. పరుగు పేరులో 'శాంతి' అన్న మాట చేర్చడం యాదృచ్ఛికం కాదు. అయితే పరుగు జరిగినంత మాత్రాన శాంతి వచ్చినట్లు కాదని అదే సంవత్సరం రుజువు చేసింది. మార్చిలో హాఫ్ మారథాన్ జరిగిన నారాయణ్‌పూర్ జిల్లాలోనే మే 21న జరిగిన ఎదురుకాల్పుల్లో మావోయిస్టు పార్టీ ప్రధాన కార్యదర్శి, శ్రీకాకుళం జిల్లావాసి నంబాల కేశవరావు సహా 27 మంది మరణించినట్లు ప్రభుత్వం ప్రకటించింది. మావోయిజాన్ని నిర్మూలించేందుకు కేంద్రం 2026 మార్చి 31ని గడువుగా పెట్టుకున్న కాలం అది. ఒకే ఏడాది, ఒకే జిల్లాలో, కొన్ని వారాల తేడాతో పతకాలూ శవపేటికలూ కనిపించాయి.

కొలువు కోసం పరుగు

బస్తర్ యువత పరుగు సాధనకు మరో బలమైన ప్రేరణ ఉంది. అది ఉద్యోగం. కేంద్ర సాయుధ బలగాల్లో కానిస్టేబుల్ కొలువు దక్కాలంటే పురుషులు సాధారణంగా 5 కిలోమీటర్లను 24 నిమిషాల్లో, మహిళలు 1.6 కిలోమీటర్లను ఎనిమిదిన్నర నిమిషాల్లో పూర్తి చేయాలి. పరిశ్రమలు, కార్యాలయాలు అరుదైన ప్రాంతంలో నెలనెలా జీతం వచ్చే కొలువుల్లో అందరికీ కనిపించేది ఖాకీ కొలువే.

2017లో స్థానిక యువతతో సీఆర్‌పీఎఫ్ 'బస్తరియా బెటాలియన్' ఏర్పాటు చేసింది. 2022లో బీజాపూర్, దంతెవాడ, సుక్మా జిల్లాల గిరిజన యువత నుంచి 400 మంది కానిస్టేబుళ్లను తీసుకునేందుకు విద్యార్హతను పదో తరగతి నుంచి ఎనిమిదో తరగతికి సడలిస్తూ కేంద్ర మంత్రివర్గం నిర్ణయించింది. అదే సంవత్సరం రాష్ట్ర పోలీసు శాఖ 'బస్తర్ ఫైటర్స్' పేరిట ఏడు జిల్లాల్లో 2,100 మందిని ఎంపిక చేసింది. వారిలో తొమ్మిది మంది ట్రాన్స్‌జెండర్లు ఉండటం గమనార్హం.

కొలువు కోసం పరుగెత్తడాన్ని సరదా పరుగు అనలేము. కాని రెండింటి మధ్య గోడ అంత ఎత్తైనది కూడా కాదు. ఎంపికైనవాడు పరుగు మానేయవచ్చు. ఎంపిక కానివాడు విసుగెత్తి మానేయవచ్చు. కొందరు మాత్రం పరుగు రుచి మరిగి కొనసాగిస్తారు. పరుగెత్తే అన్నను చూసి చెల్లెలు, చెల్లెలిని చూసి పక్కింటి పిల్లలు రోడ్డు మీదికి వస్తారు. వ్యాపకం ఇలాగే పాకుతుంది. అయితే పోలీసు నిర్వహించే పరుగు, పోలీసు కొలువుకు దారితీసే పరుగు మాత్రమే అందుబాటులో ఉన్నంతకాలం, దానిలో చేరడమంటే ఒక పక్షం వహించడమేనన్న భయం గ్రామస్థులను వెన్నాడుతుంది. యుద్ధం ఇరువైపులా బంధువులను మింగిన ఊళ్లలో ఈ భయాన్ని తేలికగా తీసుకోరాదు.

సామూహిక క్రీడల సందడి

2024 నవంబర్, డిసెంబర్ నెలల్లో జరిగిన 'బస్తర్ ఒలింపిక్స్' క్రీడలను విస్తృత స్థాయికి తీసుకువెళ్లాయి. బ్లాకు, జిల్లా, డివిజన్ స్థాయిల్లో జరిగిన ఈ పోటీలకు 1.65 లక్షల మంది పేర్లు నమోదయ్యాయి. పరుగు పందేలతోపాటు విలువిద్య, కబడ్డీ, ఖోఖో, హాకీ, ఫుట్‌బాల్, తాడులాగుడు వంటి అంశాలు ఇందులో చోటు చేసుకున్నాయి. అడవి దున్న, కొండ గోరువంక ఈ క్రీడలకు చిహ్నాలు. డిసెంబర్ 15న జగదల్‌పూర్‌లో జరిగిన ముగింపు సభకు కేంద్ర హోంమంత్రి అమిత్ షా హాజరయ్యారు. 2025లో జరిగిన రెండో విడతకు నమోదు 3.9 లక్షలు దాటింది. అందులో సగానికి పైగా మహిళలే.

లొంగిపోయిన మావోయిస్టులు, హింసలో కాళ్లూ చేతులూ కోల్పోయినవారు కూడా ఈ పోటీల్లో దిగారు. వారి జట్టుకు పెట్టిన పేరు 'నువా బాట్'. అంటే కొత్త బాట. అనువాదం అవసరం లేకుండానే తెలుగు చెవికి అర్థమయ్యే మాట ఇది. మందుపాతర పేలి కాలు పోయిన మనిషి, ఒకనాడు మందుపాతరలు పెట్టిన పక్షాన ఉన్న మనిషి ఒకే మైదానంలో నిలబడటం ఏ ఉపన్యాసమూ చేయలేని పని.

అంతకుముందు 2022లో నాటి రాష్ట్ర ప్రభుత్వం 'ఛత్తీస్‌గఢియా ఒలింపిక్స్' పేరుతో గేడీ పరుగు, గిల్లీదండా వంటి గ్రామీణ క్రీడలకు పోటీలు పెట్టింది. ప్రభుత్వం మారగానే పథకం పేరు మారడం మన దేశంలో ఆనవాయితీ. క్రీడలు ఏ ఒక్క ప్రభుత్వానికో, పార్టీకో ముద్రగా మారితే వాటి ఆయుష్షు ఎన్నికల మధ్య కాలానికే పరిమితమవుతుంది.

శిక్షణ దొరికితే ఈ గడ్డ ఏమివ్వగలదో నారాయణ్‌పూర్ మల్లఖంబ్ బృందం చాటింది. నిలువు కర్రపై విన్యాసాలు చేసే ఈ అబూజ్‌మాడ్ పిల్లలు 2023లో 'ఇండియాస్ గాట్ టాలెంట్' టెలివిజన్ పోటీలో విజేతలుగా నిలిచారు. 1985 నుంచి నారాయణ్‌పూర్‌లో పనిచేస్తున్న రామకృష్ణ మిషన్ ఆశ్రమ విద్యాలయాలు కూడా చదువుతోపాటు ఆటలకు పేరు పొందాయి. ఏడాదికొక ఉత్సవం కన్నా ఏడాది పొడవునా తెరిచి ఉండే మైదానం, నేర్పే గురువు విలువైనవని ఈ ఉదాహరణలు తెలుపుతున్నాయి.

దేహానికి కావలసినవి

పరుగు దేహం మీద ఆధారపడిన విద్య. కండరాలకు ప్రాణవాయువును మోసుకెళ్లేది రక్తంలోని హెమోగ్లోబిన్. పదే పదే మలేరియా సోకినవారిలో, సరైన తిండి లేనివారిలో రక్తహీనత ఏర్పడుతుంది. అటువంటివారు కొద్ది దూరానికే అలసిపోవడానికి బద్ధకం కారణం కాదు. దేశంలో మలేరియా తీవ్రంగా ఉన్న ప్రాంతాల్లో బస్తర్ ఒకటి. 2020లో మొదలైన 'మలేరియా రహిత బస్తర్' కార్యక్రమం కింద ఆరోగ్య కార్యకర్తలు ఇంటింటికీ వెళ్లి, లక్షణాలు లేనివారికి సైతం రక్తపరీక్ష చేసి, క్రిమి కనిపిస్తే అక్కడికక్కడే మందు మింగించారు.

మధ్యభారత గిరిజనుల్లో వంశపారంపర్యంగా సంక్రమించే సికిల్‌సెల్ రక్తదోషం మరో సమస్య. దీనిని అరికట్టేందుకు 2023 జులై 1న జాతీయ స్థాయి కార్యక్రమం ప్రారంభమైంది. ఈ జబ్బు ఉన్నవారికి నీరు తాగకుండా, ఎండలో, శక్తికి మించి శ్రమించడం ప్రమాదకరం. తల్లిదండ్రుల్లో ఒకరి నుంచి మాత్రమే ఈ లక్షణం సంక్రమించినవారు సాధారణంగా ఆరోగ్యంగానే ఉంటారు. అయినా వారు కూడా తీవ్రమైన శ్రమలో జాగ్రత్త వహించాలి. కనుక వేలమందిని 21 కిలోమీటర్లు పరుగెత్తించే నిర్వాహకులు చొక్కాలు, పతకాలతోపాటు ముందస్తు రక్తపరీక్ష, దారి పొడవునా నీళ్లు, వైద్యుడు ఉండేలా చూడటం ఇక్కడ తప్పనిసరి బాధ్యత.

కొత్తగా పరుగు మొదలుపెట్టేవారికి లిడియార్డ్ నాటి సూత్రం నేటికీ వర్తిస్తుంది. మాట్లాడుతూ పరుగెత్తగలిగితే వేగం సరిపోయినట్లు. మాట తడబడితే వేగం తగ్గించాలి. మొదట నడక, తరువాత నడక నడుమ పరుగు, ఆపై పరుగు అన్నది క్రమం. ఖరీదైన బూట్లు లేనంత మాత్రాన పరుగు ఆగదని శివనాథ్ సింగ్ ఏనాడో నిరూపించాడు. తిండి లేకపోతే మాత్రం ఆగుతుంది.

అసలు కొలమానం

నగరంలో కూర్చుని పనిచేసేవాడు ఒళ్లు తగ్గించుకోవడానికి పరుగెత్తుతాడు. బస్తర్ యువతీయువకులు కొలువు కోసం, బహుమతి కోసం, పట్నం చూడాలన్న ఉత్సాహంతో పరుగెత్తుతున్నారు. ఏ కారణంతో మొదలైనా పరుగు మంచిదే. కాని దానిని వ్యాపకం అనాలంటే ఆ కారణం తీరిపోయిన తరువాత కూడా మనిషి పరుగెత్తాలి. న్యూయార్క్‌లో 127 మంది వేల సంఖ్యకు పెరగడానికి ఏళ్లు పట్టింది. బోస్టన్ మహిళలకు రోడ్డు తెరవడానికి స్విట్జర్ తరువాత మరో ఐదేళ్లు పట్టింది. బస్తర్‌కు కూడా వ్యవధి అవసరం.

పాల్గొన్నవారి సంఖ్య, అతిథుల హోదా, పంచిన బహుమతుల విలువ నివేదికల్లో చేరే అంకెలు. వాటిని కాదనవలసిన పని లేదు. అయితే అబూజ్‌మాడ్‌లో పరుగు నిజంగా స్థిరపడిందా లేదా అన్నది పరుగు జరిగే రోజున తేలదు. మామూలు రోజున, జెండా ఊపేవారు గాని, తుపాకీతో కాపలా కాసేవారు గాని లేనప్పుడు, ఇంటి పని ముగించుకున్న ఒక గిరిజన బాలిక అదే రోడ్డు మీద తనకు తోచినంత దూరం పరుగెత్తి, ఎవరికీ సంజాయిషీ చెప్పుకోనవసరం లేకుండా ఇంటికి తిరిగి రాగలిగితే, ఆ రోడ్డు వేసిన ఖర్చు సార్థకమైనట్లే.